హీమ్యాన్ గోదావరికి అభయమిచ్చిన కథ

2022 జూలై మధ్యలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి పారిన రోజుల్లో, పి.గన్నవరం దిగువన ఒక లంక ఊళ్ళో కాపురముంటున్న మా చెల్లెలు తన ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని పడవ మీద ఏటిగట్టు దాకా వచ్చి, అక్కడి నుంచి మా ఇంటికి చేరింది. మా ఇల్లు గట్టుకు ఇవతల ఉంది కాబట్టి ఏటి నీరు నేరుగా మీదికి రాలేదు గాని, మురుగు కాలువ ఎగదన్ని వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. కరెంటు తీసేశారు. ఫోన్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. బియ్యం బస్తాలు, పొయ్యి, పరుపులు పైకి చేర్చుకుని మూడు రోజుల పాటు మేమంతా మేడ మీదే గడిపాం.

పిల్లల నాన్న మాత్రం రాలేదు. ఆయనకు ఈనడానికి సిద్ధంగా ఉన్న ఆవు ఒకటి ఉంది. దాన్ని పడవ ఎక్కించడానికి వీలు పడలేదు, వదిలిపెట్టి రావడానికి మనసు ఒప్పలేదు. పశువులన్నిటినీ లంకలో కాస్త మెరకగా ఉన్న చోటికి తోలుకుపోయి అక్కడే ఉండిపోయాడు. పదకొండేళ్ళ మా మేనల్లుడికి ఈ సంగతి బాగా తెలుసు. ఎనిమిదేళ్ళ మేనకోడలికి తెలియదనుకున్నాం గాని దానికీ తెలుసు. మొదటి రోజు మధ్యాహ్నం ముసురులోకి చూస్తూ కూర్చున్న పిల్లవాడు ఉన్నట్టుండి, "మావయ్యా, సూపర్‌మ్యాన్ వస్తే ఈ గోదారిని ఆపగలడా?" అని అడిగాడు. ఈ రాతకు ఆ ప్రశ్నే మొదలు.

వేర్వేరు లోకాల వీరులను ఒకే కథలోకి తెచ్చి ఊహించుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టమైన పని. 1980ల చివర్లో మా ఊరి పంచాయతీ ఆఫీసు అరుగు మీద పెట్టిన టీవీలో దూరదర్శన్ వారు వేసే హీమ్యాన్ కార్టూన్‌ను మేము పాతికమందిమి నేల మీద కూర్చుని చూసేవాళ్ళం. అందులోని మాటలు మాలో ఒక్కరికీ అర్థమయ్యేవి కావు. యువరాజు ఆడమ్ కత్తి పైకెత్తి ఏదో మంత్రం చదివితే హీమ్యాన్‌గా మారేవాడు, పిరికిదైన అతని పచ్చపులి యుద్ధానికి తగిన పులిగా మారేది, ఎముకల మొహమున్న స్కెలిటార్ పన్నాగం పన్నేవాడు. మిగతా కథ మేమే అల్లుకునేవాళ్ళం. అలా అల్లుకోవడంలోనే మా హీమ్యాన్ పాతాళానికి వెళ్ళాడు, ఘటోత్కచుడితో కుస్తీ పట్టాడు, విక్రమార్కుడి భుజం మీది బేతాళుడితో మాట్లాడాడు. మాకు ఆ పక్కలోకాల మధ్య గోడలున్నాయని ఎవరూ చెప్పలేదు.

పిల్లవాడికి సూపర్‌మ్యాన్ తెలుసు, హీమ్యాన్ తెలియదు. అందుకని నేను ముందు నా వీరుడిని వాళ్ళకు పరిచయం చేయవలసి వచ్చింది. 1983లో మొదలైన ఆ కార్టూన్‌లో 130 భాగాలున్నా, చేతిలో అంత పెద్ద కత్తి ఉన్నా, హీమ్యాన్ దానితో ఎవరినీ నరకడని చెప్పాను. పిల్లల కార్యక్రమాలలో హింస చూపకూడదన్న నియమం వల్ల అతడు శత్రువును ఎత్తి నీళ్ళలోనో బురదలోనో పడేసేవాడు, కత్తిని ఎక్కువగా దెబ్బ కాచుకోవడానికి, దారి చేసుకోవడానికి వాడేవాడు. ఈ మాట విన్న తర్వాత మేనకోడలు హీమ్యాన్‌ను తన పక్షానికి తీసేసుకుంది. అన్నయ్యది సూపర్‌మ్యాన్, చెల్లెలిది హీమ్యాన్. ఛోటా భీమ్ ఇద్దరికీ ఉమ్మడి.

మొదట సూపర్‌మ్యాన్ పని మొదలైంది. కాటన్ బ్యారేజీకి ఉన్న 175 గేట్లనూ దించేసి నీటిని పైనే ఆపేస్తాడని పిల్లవాడు అన్నాడు. అప్పుడు పైనున్న ఊళ్ళు మునుగుతాయని వాళ్ళ అమ్మ చెప్పింది. అయితే గట్టిగా ఊపిరి ఊది ఏరు మొత్తాన్ని మంచుగడ్డ చేసేస్తాడని అన్నాడు. సూపర్‌మ్యాన్‌కు ఆ శక్తి ఉన్న మాట నిజమే. కాని మేనకోడలు ఒప్పుకోలేదు. ఎర్రనీరు వచ్చినప్పుడే కదా సముద్రం నుంచి పులస ఏటికి ఎదురెక్కి వచ్చేది, ఏరు గడ్డకడితే పులస ఎటు పోవాలని అడిగింది. లంకలో పుట్టిన పిల్ల అడగవలసిన ప్రశ్న అది. ఇంకొక చిక్కు నేనే వేశాను. సూపర్‌మ్యాన్ బలం పసుపుపచ్చని సూర్యుడి వెలుగు నుంచి వస్తుంది, ఇక్కడ వారం రోజులుగా ఎండ పొడ లేదు కదా అన్నాను. పిల్లవాడు కాసేపు ఆలోచించి, మబ్బుల పైకి ఎగిరి ఎండ తాగి మళ్ళీ దిగుతాడని చెప్పాడు. నేను ఒప్పుకోక తప్పలేదు.

అప్పుడు మేనకోడలు తన కథ మొదలుపెట్టింది. గోదారమ్మ తల తడిసిపోయిన ఒక ముసలమ్మ రూపంలో హీమ్యాన్ దగ్గరకు వెళ్ళి, నన్ను కాపాడతానని మాట ఇయ్యి నాయనా అని అడిగిందట. ఎవరి నుంచి అని హీమ్యాన్ అడిగితే, "ముందు ఒట్టేయాలి, తరవాతే చెప్తాను" అందట. మా వైపు పిల్లలు ఏ రహస్యం చెప్పాలన్నా ముందు ఎదుటివాడి చేత ఒట్టు వేయించుకుంటారు, అది వాళ్ళ న్యాయం. హీమ్యాన్ కత్తి మీద చెయ్యేసి, నీ దారికి ఎవ్వరినీ అడ్డం రానివ్వనని మాట ఇచ్చాడు. అప్పుడు ఆ ముసలమ్మ, సూపర్‌మ్యాన్ నన్ను గడ్డకట్టించడానికి వస్తున్నాడని చెప్పింది. అవతల సూపర్‌మ్యాన్ అప్పటికే లంకలో ఉన్న ఒక రైతుకు మాట ఇచ్చి ఉన్నాడు. మీ లంకను మునగనివ్వనన్నది ఆ మాట.

కొవ్వొత్తి పక్కన చిక్కుడుకాయలు తుంచుకుంటున్న మా అమ్మ తల ఎత్తి, "ఇది గయుడి కథే కదరా" అంది.

అమ్మ అన్నది నిజమని నాకు వెంటనే స్ఫురించింది, ఇన్నేళ్ళుగా నాకెందుకు తట్టలేదా అని ఆశ్చర్యం కూడా వేసింది. గయుడనే గంధర్వుడు ఆకాశమార్గాన పోతూ ఉమ్మిన తాంబూలం, కింద సూర్యుడికి అర్ఘ్యమిస్తున్న కృష్ణుడి దోసిట్లో పడుతుంది. వాడిని చంపుతానని కృష్ణుడు ప్రతిజ్ఞ చేస్తాడు. గయుడు పరుగున వెళ్ళి అర్జునుడి కాళ్ళ మీద పడి, శత్రువు పేరు చెప్పకుండానే అభయం పుచ్చుకుంటాడు. ప్రాణంలో ప్రాణమైన ఇద్దరు, ఒకరి మీద ఒకరికి వీసమెత్తు కోపం లేకుండా, కేవలం ఇచ్చిన మాటల వల్ల యుద్ధానికి దిగుతారు. ఇది వ్యాసుడి భారతంలో లేని కథ. దీనిని గయోపాఖ్యానమనే నాటకంగా రాసిన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు 1867లో మా గోదావరి ఒడ్డునే ఖండవల్లిలో పుట్టి రాజమండ్రిలో జీవితం గడిపినవారు. ఆ నాటకం ప్రతులు లక్షకు పైగా అమ్ముడయ్యాయని చెప్పుకుంటారు. 1963లో కె.వి.రెడ్డి గారి దర్శకత్వంలో ఇదే కథ సినిమాగా వచ్చినప్పుడు కృష్ణుడు ఎన్టీ రామారావు గారు, అర్జునుడు అక్కినేని నాగేశ్వరరావు గారు. ఎవరి అభిమానులు వారిని ఓడనివ్వని ఇద్దరు నటులను ఎదురెదురుగా నిలబెట్టడానికి ఇంతకు మించిన కథ దొరకదు.

అమెరికా కామిక్స్ వారికి కూడా సరిగ్గా ఇదే సమస్య ఎదురైంది. 1976లో డీసీ, మార్వెల్ అనే రెండు పోటీ సంస్థలు కలిసి సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ ఎదురుపడే పుస్తకం వేశాయి. సూపర్‌మ్యాన్ కొండలను కదిలించగలవాడు, స్పైడర్‌మ్యాన్ అతని ముందు ఎంత బలవంతుడైనా మనిషి కిందే లెక్క. ఇద్దరికీ పోరు పెట్టాలి, ఎవరి పరువూ పోకూడదు. అందుకని సూపర్‌మ్యాన్ శత్రువు లెక్స్ లూథర్ చాటు నుంచి ఎర్ర సూర్యుడి కిరణాలను స్పైడర్‌మ్యాన్ మీదికి ప్రసరింపజేస్తాడు, ఆ బలంతో అతడు కొట్టిన దెబ్బకు సూపర్‌మ్యాన్ ఎగిరి దూరంగా పడతాడు, ఆ ప్రభావం తగ్గాక కొట్టిన చేతికే నొప్పి పుడుతుంది. యుక్తి బాగానే ఉంది. అయితే అది బయటి నుంచి తెచ్చిన యుక్తి. స్పైడర్‌మ్యాన్ అన్న మనిషి గుణానికీ, అతడు కొట్టిన ఆ దెబ్బకూ ఏ సంబంధమూ లేదు.

1996లో అవే రెండు సంస్థలు మరో పుస్తకం వేసి, పదకొండు పోరాటాలలో ఐదింటి ఫలితాన్ని పాఠకుల ఓట్లకు వదిలేశాయి. సూపర్‌మ్యాన్ హల్క్ మీద గెలిచాడు, బ్యాట్‌మ్యాన్ కెప్టెన్ అమెరికా మీద గెలిచాడు, స్టార్మ్ వండర్ వుమన్ మీద గెలిచింది. నా మటుకు నాకు ఇది కథకుడు తన పనిని వదులుకోవడంగా కనిపిస్తుంది. గయుడి కథలో ఎవరు గెలవాలని ప్రేక్షకులను చేతులెత్తమంటే నాటకం అక్కడితో చచ్చిపోతుంది. ఎవరు గెలుస్తారన్నది అక్కడ ప్రశ్నే కాదు. ఈ ఇద్దరూ మాట తప్పకుండా, ఒకరి చేతిలో ఒకరు చావకుండా ఎలా బయటపడతారన్నదే ప్రశ్న. అమ్మ ఆ రాత్రి పిల్లలకు చెప్పింది కూడా ఇదే. కృష్ణుడు ఓడితే దేవుడు ఓడినట్టు, అర్జునుడు ఓడితే అభయం ఓడినట్టు, రెండూ జరగడానికి వీల్లేదు కాబట్టే చివరకు శివుడు వచ్చి అడ్డుపడ్డాడని చెప్పింది.

కామిక్స్ వీరులకు, కార్టూన్ జానపద వీరులకు మధ్య మరొక తేడా ఉంది, నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది అదే. సూపర్‌మ్యాన్ లోకంలో బలానికీ, బలహీనతకూ కారణం ఉంటుంది, గ్రహం, సూర్యుడు, రాయి లాంటివి. హీమ్యాన్ లోకంలో బలం మాట నుంచి వస్తుంది. మంత్రం చదవాలి, కత్తి ఎత్తాలి, కోట అధిదేవత అనుగ్రహించాలి. మన మాటల్లో చెప్పాలంటే ఒకరిది సహజబలం, మరొకరిది వరబలం. సూపర్‌మ్యాన్ కథలలో చాలాకాలంగా వస్తున్న ఒక నియమమేమిటంటే, తుపాకీ గుండ్లు తగిలినా చెక్కుచెదరని అతనికి మంత్రశక్తి ముందు ఏ ప్రత్యేక రక్షణా లేదు. కాబట్టి హీమ్యాన్ కత్తి అతనికి గాయం చేయగలదు. నేను ఈ మాట చెప్పగానే మేనల్లుడి ముఖం చిన్నబోయింది, మేనకోడలు చప్పట్లు కొట్టబోయి అన్న వైపు చూసి ఆగిపోయింది.

నిజానికి ఈ ఇద్దరూ 1982లోనే ఒకసారి కలుసుకున్నారు. ఆ ఏడాది జూలై తేదీతో వచ్చిన డీసీ కామిక్స్ ప్రెజెంట్స్ 47వ సంచికలో పాల్ కుప్పర్‌బర్గ్ రాసిన కథకు కర్ట్ స్వాన్ బొమ్మలు వేశారు. సూపర్‌మ్యాన్ హీమ్యాన్ ఉండే ఎటెర్నియా లోకానికి వెళతాడు, అతనితో తలపడతాడు, ఆపైన ఇద్దరూ ఒకటవుతారు. అప్పటికి టీవీ కార్టూన్ ఇంకా రాలేదు, మార్కెట్లో హీమ్యాన్ ఒక కొత్త ఆటబొమ్మ మాత్రమే. యువరాజు ఆడమ్ అనే పాత్ర మొదట కనిపించింది కూడా ఆ సంచికలోనే. అంటే నేను పంచాయతీ అరుగు ముందు కూర్చుని చూసిన ఆడమ్ పుట్టింది సూపర్‌మ్యాన్‌ను కలిసిన కథలో. ధవళేశ్వరంలో కాటన్ బ్యారేజీ కట్టడం పూర్తయింది కూడా ఆ సంవత్సరమే. ఈ రెండిటికీ సంబంధం లేదని తెలిసినా, ఆ రాత్రి మేడ మీద పిల్లలకు చెబుతున్నప్పుడు నాకు మాత్రం సంబంధం ఉన్నట్టే తోచింది.

రెండో రోజు పోరు మొదలైంది. సూపర్‌మ్యాన్ ఊపిరి ఊదితే నీరు గడ్డకట్టడం, హీమ్యాన్ కత్తితో ఆ గడ్డను చీల్చి ఏటికి దారి చేయడం, మళ్ళీ గడ్డకట్టడం, మళ్ళీ చీల్చడం. మధ్యలో ఛోటా భీమ్‌ను పంచాయితీకి పిలుద్దామని మేనల్లుడు అన్నాడు. హైదరాబాద్‌లో రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్ సంస్థ సృష్టించి, 2008 నుంచి పిల్లల చానల్లో వస్తున్న ఈ ఢోలక్‌పూర్ పిల్లవాడికి కూడా కలయిక కథలు కొత్త కాదు, అదే సంస్థవారి బాలకృష్ణుడితో కలిసి కొన్ని కథలలో కనిపించాడు. కాని పెద్దవాళ్ళ తగువులో చిన్నవాడు తీర్పు చెప్పకూడదని మేనకోడలు అడ్డు చెప్పింది. భీమ్ పడవేసుకుని ఇంటింటికీ లడ్డూలూ మంచినీళ్ళ ప్యాకెట్లూ పంచుతాడని తేల్చింది. బలం కోసం తినవలసిన లడ్డూలను అతడు ఒక్కటి కూడా తినలేదట.

మూడో రోజు మధ్యాహ్నానికి నీరు తీయడం మొదలైంది. నాలుగో రోజు పిల్లల నాన్న పడవ మీద వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, లుంగీ నిండా ఒండ్రు. ఆవు ఆ మెరక మీదే వానలో ఈనిందనీ, దూడ బాగుందనీ చెప్పి, మేడ మెట్ల మీదే కూర్చుని నిద్రపోయాడు. కథ సగంలో ఆగిపోయింది.

ఆగిపోయిన కథ గురించి నేను ఆ తర్వాత చాలాసార్లు ఆలోచించాను. రెండు మాటలూ నిలబడే ముగింపు నాకు దొరకలేదు. 2003లో మొదలై 2004లో ముగిసిన నాలుగు సంచికల కథ ఒకటి గుర్తుకు తెచ్చుకున్నాను, డీసీ వీరుల జట్టు జస్టిస్ లీగ్, మార్వెల్ వీరుల జట్టు అవెంజర్స్ ఎదురుపడే కథ అది. అది 1980ల మొదట్లోనే రావలసినది. జార్జ్ పెరెజ్ కొన్ని పుటలు గీశాక కూడా రెండు సంస్థల మధ్య పొసగక ఆగిపోయి, ఇరవై ఏళ్ళ తర్వాత కర్ట్ బ్యుసిక్ రచనతో, మళ్ళీ పెరెజ్ చేతి బొమ్మలతోనే పూర్తయింది. దాని చివరి పోరులో సూపర్‌మ్యాన్ ఒక చేత్తో కెప్టెన్ అమెరికా డాలునూ, మరో చేత్తో థోర్ సుత్తినీ పట్టుకుంటాడు. పరాయి లోకపు వీరుడికి తమ ఆయుధాన్ని నమ్మి అప్పగించడమన్నది నేను చూసిన కలయిక కథలన్నిటిలోకీ గొప్ప ఘట్టం. అయినా మా కథకు అది సరిపోలేదు. కత్తి అప్పగిస్తే హీమ్యాన్ గోదారమ్మకు ఇచ్చిన మాట ఏమవుతుంది?

2023 సంక్రాంతికి, కనుమ నాడు పిల్లలిద్దరినీ జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకువెళ్ళాను. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ నుంచి పదకొండు మంది రుద్రులు వెదురుతో కట్టిన ఎత్తైన ప్రభల మీద మనుషుల భుజాలెక్కి ఆ కొబ్బరితోటకు వస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక అనే పాయ దాటి రావాలి. మోసేవాళ్ళు గుండెల లోతు నీళ్ళలో దిగి, అశ్శరభ శరభ అని కేకలు వేస్తూ, ప్రభ ఒరగకుండా ఒడ్డు ఎక్కిస్తారు. దారిలో పచ్చని వరిచేలు తొక్కుడు పడినా రైతులు కిక్కురుమనరు. తోటలో అన్నిటికన్నా నాకు ఇష్టమైనది ఒక మర్యాద. ఆ సభకు అధ్యక్షుడైన వ్యాఘ్రేశ్వరుడి ప్రభ తోటలోకి రాగానే, అప్పటికే చేరి ఉన్న రుద్రుల ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకి లేపి దించుతారు. ఎవరి ఊరి దేవుడు వారికి గొప్ప. అయినా ఒకరి రాకకు ఒకరు లేచి నిలబడతారు. నా భుజాల మీద కూర్చున్న మేనకోడలు ఆ లేపడాన్ని రెప్ప వెయ్యకుండా చూసింది.

తిరిగి వచ్చేటప్పుడు బండి మీద నా ముందు కూర్చున్న ఆ పిల్ల, అంబాజీపేట దాటాక, "మావయ్యా, సూపర్‌మ్యాన్ నీళ్ళని ఆపక్కర్లేదు, లంకని ఎత్తేస్తే సరిపోద్ది" అంది. నేను బండి పక్కకు ఆపేశాను. లంక మునగనివ్వనన్నది అతని మాట. ఏటికి అడ్డం రానివ్వనన్నది ఇతని మాట. లంకను నీటి మీదికి లేపితే ఏరు కింద నుంచి పోతుంది, పులస కూడా పోతుంది, ఎవరి మాటా తప్పినట్టు కాదు. వెనక కూర్చున్న మేనల్లుడు మాత్రం, అంత పెద్ద లంకను ఒక్కడే ఎత్తితే మధ్యలో విరిగిపోతుందని అన్నాడు. ప్రభను ఒక పక్క నుంచే మోస్తే ఒరగదా అని అడిగాడు. అందుకని ఎగువ కొసను సూపర్‌మ్యాన్ భుజం మీద పెట్టుకోవాలనీ, దిగువ కొస కింద హీమ్యాన్ కత్తి ఒరలో పెట్టేసి గుండెల లోతు నీళ్ళలో నిలబడాలనీ, ఇద్దరూ ఒకేసారి అశ్శరభ శరభ అనాలనీ ఆ రోడ్డు పక్కనే తేల్చుకున్నారు. అరటితోటలు, కొబ్బరిచెట్లు, మెరక మీది పశువులు, వాటి పక్కన తలకు గోనెసంచి కప్పుకుని కూర్చున్న వాళ్ళ నాన్న, అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా పైకి లేచాయి.

"దించేటప్పుడు మాత్రం నెమ్మదిగా దించాలి, ఆవు ఈనింది కదా" అంది మేనకోడలు.